రదిషా వేలు

తియానా బంతి పట్టుకుని ఏడు మీటర్ల గీత దగ్గర నిలబడేసరికి వాళ్లమ్మ నెవెంక చేతిలో కాల్చి సగం తొక్క వలిచిన మిరపకాయ ఉంది. హ్యాండ్‌బాల్ ఆట అయిపోవడానికి ఇంకా రెండు నిమిషాలే. చెరి ఇరవై రెండు గోల్స్. టీవీ తెర మీద పదహారేళ్ల కూతురు ఎడమచేత్తో బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టి, పాదం గీత వెనక్కి సర్దుకుని, తలెత్తి గోల్‌కీపర్ వైపు చూసింది. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు తెర మీదికి పచ్చగడ్డి వచ్చింది. గడ్డి మీద ఫుట్‌బాల్ ఆడుతున్న చారల చొక్కాల మగాళ్లు, స్టేడియం నిండా పొగ, గొంతు చించుకుంటున్న ఎవడో వ్యాఖ్యాత.

నెవెంక మిరపకాయ గిన్నెలో పడేసి రిమోట్ లాక్కుంది. నొక్కింది. ఆడపిల్లల ఆట ఒక్క క్షణం వచ్చింది. జనం లేచి నిలబడుతున్నారు. మళ్లీ గడ్డి. మళ్లీ నొక్కింది. మళ్లీ గడ్డి. కాల్చిన మిరపకాయల జిడ్డుకి రిమోట్ చేతిలోంచి జారిపోతోంది. వియన్నాలో నొక్కుతున్న మొగుడి వేలికి ఆ జిడ్డు లేదు. నాలుగోసారో ఐదోసారో అవతలివాడు విసిగి వదిలేశాడు. అప్పటికే పిల్లలు రెండు వరసల్లో నడుస్తూ చేతులు కలుపుకుంటున్నారు. ఇరవై మూడు, ఇరవై రెండు. గెలిచారు. ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో దేవుడికెరుక.

"గెలిచారుగా, ఇంకేం," అంది అత్తగారు కొసరా. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఆవిడా మిరపకాయలే వలుస్తోంది. వేసవిలో తుంటి విరిగి, ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ కుర్చీయే ఆవిడ ఊరూ వాడా. "వాడు పాపం వారమంతా పరంజాల మీద వేలాడతాడు. ఒక్క శనివారమైనా ఆట చూసుకోనీ అమ్మాయ్."

నెవెంక గిన్నెలోంచి మిరపకాయ తీసి మిగతా సగం వలిచింది. తొక్కతోబాటు గుజ్జంతా ఊడి వచ్చింది.

టీవీ కింద అరలో రెండు పెట్టెలున్నాయి. ఒకటి కేబుల్ పెట్టె. రెండోది రదిషా పెట్టె. ఇంట్లో టీవీలో ఏది వస్తే దాన్ని ఇంటర్నెట్ మీద వియన్నాకి మోసుకుపోవడమే దాని పని. అక్కడ రదిషా ఇళ్ల గోడలకు పూత పూస్తాడు, ఇంకో ఐదుగురితో కలిసి ఒకే ఇంట్లో ఉంటాడు. మొన్న ఈస్టర్‌కి వచ్చినప్పుడు ఆ పెట్టె తెచ్చాడు. బిగించింది కూమ్ స్రెతెన్. కూమ్ అంటే పెళ్లిలో సాక్షిగా నిలబడ్డవాడు, తియానాకి పేరు పెట్టినవాడు. తోడబుట్టినవాడి మాటైనా దాటొచ్చు గానీ కూమ్ మాట దాటకూడదంటారు. రెండో పెట్టెలోంచి ఒక సన్నటి తీగ, తీగ చివర శనగగింజంత నల్ల పూస. ఆ పూసను కేబుల్ పెట్టె ముందు, వేలెడు దూరంలో జిగురుతో అంటించి, స్రెతెన్ అందరినీ పిలిచి చూపించాడు.

"ఇది రదిషా వేలు. వాడు అక్కడ నొక్కితే ఇది ఇక్కడ నొక్కుతుంది. ఇకనుంచి మావాడు ఇంట్లో ఉన్నట్టే," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నెవెంక కూడా కొట్టింది. అది తలుచుకుంటే ఇప్పుడు తన చేతుల మీద తనకే ఒళ్లు మండుతుంది.

కేబుల్ పెట్టె ఒక్కటేనని, బొమ్మ ఒక్కటేనని, వాళ్లు ఏది పెడితే వీళ్లు అదే చూడాలని చప్పట్లు కొడుతున్నప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆరు నెలల్లో ఆ ఆరుగురు మగాళ్లు నెవెంకకి చానళ్ల ద్వారా పరిచయమయ్యారు. ఎనిమిదిన్నరకి వార్తలు కావాల్సినవాడొకడు. పాటల చానల్లో పొట్టి గౌనుల గాయనిని వదలనివాడొకడు. వాతావరణం చూసి నిట్టూర్చేవాడొకడు ఉండే ఉంటాడు. మొహం తెలియని మగాళ్లు తన గదిలోకి వచ్చి కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నట్టుండేది. జూలైలో ఉరుములు ఉరిమిన రోజు ప్లగ్గు పీకేసింది. పావుగంటలో కూమ్ స్రెతెన్ తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చి ప్లగ్గు పెట్టి, "మనిషి అక్కడ ఒంటరిగా ఉన్నాడు కూమా, తప్పు కదూ," అని వెళ్లాడు. ఆ సాయంత్రమంతా కొసరా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆరుగురు కలిసి ఉన్నవాడు ఒంటరివాడు. తొమ్మిది గదుల ఇంట్లో ఒక్క గదికి పొయ్యి వెలిగించుకుని ముసలామెతో ఉన్నది మాత్రం సంసారం చేసుకుంటోంది.

పక్కింటికి వెళ్లి చూద్దామంటే ఇటు పక్కవాళ్లు పారిస్‌లో, అటు పక్కవాళ్లు కూడా వియన్నాలోనే. రెండిళ్లకీ తాళాలు.

తియానా జట్టు వ్యాన్ దిగి ఇంటికి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. గుమ్మంలోనే బూట్లు విప్పుతూ, తలెత్తకుండా అడిగింది.

"చూశావా?"

"చూశాను."

"ఆఖరి త్రో?"

"చూశానే. అబ్బ, ఏం కొట్టావు."

"ఏ మూలకి?"

నెవెంక మూత పెడుతున్న సీసా వైపు చూసింది. "పైన. కుడివైపు."

తియానా రెండో బూటు విప్పింది. లోపలి అట్ట తీసి ఆరబెట్టింది. "కింద కొట్టాను. గోల్‌కీపర్ కాళ్ల మధ్యలోంచి," అంది. తర్వాత మామూలుగానే, "మళ్లీ నాన్నేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా స్నానానికి వెళ్లిపోయింది. ఏడ్చినా, విసుక్కున్నా బాగుండేది. పిల్ల అలవాటు పడిపోయింది.

ఆదివారం పదింటికి ఫోన్ మోగింది.

"నిన్న ఏంటే ఆ గోల?" అన్నాడు రదిషా. "నేను పెట్టడం, నువ్వు తీయడం. మావాళ్ల ముందు నా పరువు పోయింది."

"తియానా ఆట వస్తోంది అప్పుడు."

"ఆఁ, గెలిచారట కదా. బంగారు తల్లి. చెప్పు, నాన్న ముద్దు పెట్టాడని."

"ఆఖరి త్రో తనే వేసింది. నేను చూళ్లేదు."

"ఎవరో ఒకరు రికార్డు చేసే ఉంటారులే."

"ఎవరూ చెయ్యరు. ఆ చానల్ వాళ్లు ఒక్కసారే వేస్తారు. రదిషా, వచ్చే శనివారం ఫైనల్. యాగోదినాలో. వ్యాన్‌లో పిల్లలకే చోటు లేదు, ఉన్నా మీ అమ్మని వదిలి నేను వెళ్లలేను. ఆరింటికి మొదలు. ఆ గంటన్నర ముట్టుకోకు. నువ్వూ చూడు. నీ కూతురే కదా."

అవతల ఎవరో కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు. మగాళ్ల దగ్గు.

"వచ్చే శనివారం కుదరదు," అన్నాడు రదిషా గొంతు తగ్గించి. "మావాళ్లలో మిలొయే గొర్రెమాంసం తెస్తున్నాడు. ఆట చూస్తూ తిందామని అందరం ఎప్పుడో అనుకున్నాం. ఇప్పుడు నేను పోయి ఆడపిల్లల బంతాట పెడతానంటే వీళ్లు ఏమనుకుంటారు?"

"నీ కూతురు ఆడుతోందనుకుంటారు."

"నీకీమధ్య నోరెక్కువైంది. పెట్టె ఎవరు తెచ్చారు? నేను. నెట్ ఎవరు పెట్టించారు? నేను. నేను ఇక్కడ చచ్చీ చెడీ వచ్చి నా ఇంట్లో టీవీ నేను చూసుకోడానికి నీ పర్మిషన్ కావాలా?" కాస్త ఆగి నవ్వాడు. "అవునే, మొన్న గురువారం పొద్దున ఆ ఆడ డాక్టరు ప్రోగ్రాం పెట్టావేంటి? వాన పడి మేం పనికి పోలేదు. టీవీ పెట్టేసరికి ఒకావిడ రొమ్ములు ఎలా తడిమి చూసుకోవాలో చెబుతోంది. మావాళ్లు పడీపడీ నవ్వారు. రదిషా, మీ ఆవిడ పరీక్షకి చదువుతోందిరా అని."

నెవెంక చెవులు వేడెక్కాయి. ఆ గురువారం ఆమెకి రెండో షిఫ్టు. కొసరా ఇంకా నిద్ర లేవలేదు. తలుపు గడియ పెట్టుకుని, చొక్కా గుండీలు విప్పుకుని, తెర మీద డాక్టరు చెప్పినట్టల్లా మూడు వేళ్లతో మెల్లగా చూసుకుంది. ఏమీ లేదు, అంతా బాగానే ఉంది. బాగానే ఉందని తెలిసి మంచం అంచున కూర్చుని కాసేపు ఏడ్చింది కూడా. సరిగ్గా అప్పుడు ఆరుగురు మగాళ్లు అదే తెర ముందు కూర్చుని నవ్వుతున్నారన్నమాట.

ఫోన్ పెట్టేసింది. అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు.

సోమవారం కుట్టు ఫ్యాక్టరీలో రెండు సూదులు విరిగాయి. ఇటలీ వాళ్ల చలికాలం కోట్లు, నల్ల ఉన్ని. నెవెంకకి కాలర్లు. గట్టి గుడ్డ లోపల పెట్టి, పై గుడ్డ అంచు మడిచి, మూల దగ్గర సూది దించి గుడ్డ తిప్పి, మళ్లీ పరుగు. షిఫ్టుకి రెండు వందల కాలర్లు. పదహారేళ్లుగా చేస్తున్న పని, కళ్లు మూసుకున్నా చేతులు చేసుకుపోతాయి. ఆ రోజు మూల దగ్గర ఆగకుండా తొక్కేసింది.

"సూది మీద కోపమా నెవెంకా?" అంది సూపర్‌వైజర్, రెండో సూది చేతిలో పెడుతూ.

"సూది ఏం పాపం చేసింది," అంది నెవెంక.

మంగళవారం కూడా అదే కోపంతో పనికి వెళ్లి అదే కోపంతో వచ్చింది. కోపం వచ్చిన ఆడది గిన్నెలు విసిరేస్తుందంటారు. నెవెంక గిన్నెలు తళతళలాడేలా తోమింది. పొయ్యి తోమింది. మేడ మీద ఎవరూ ఉండని గదుల కిటికీలు తుడిచింది. రదిషా రిటైరయ్యాక వచ్చి ఉంటాడట ఆ గదుల్లో. ఇంకా పైన, మూడో అంతస్తుకి గోడలకు పూత కూడా లేదు. ఊరి వాళ్ల గోడలకు పూసేవాడి ఇల్లు మరి.

బుధవారం పని నుంచి వస్తూ ఒక సంచీడు గుడ్డ ముక్కలు తెచ్చుకుంది. పొయ్యి తుడవడానికి, దిండ్లలో కుక్కడానికి పనికొస్తాయి, ఎవరూ అడగరు. సంచీ టీవీ ముందు పడేసి వంటలో పడింది. ఎనిమిదింటికి కొసరా టర్కీ సీరియల్ మొదలైంది.

ఆ సీరియల్ కథ కొసరాకి సగమే తెలుసు. రోజూ ఎనిమిదింటికి మొదలవుతుంది, ఎనిమిదిన్నరకి వియన్నా వాళ్లు వార్తలకి మార్చేస్తారు. మిగతా సగం పొద్దున రొట్టెల బండివాడిని అడిగి తెలుసుకుంటుంది. వాడికి కథ చెప్పడం చేతకాదు. 'ఆవిడ ఏడ్చింది, ఆయన వెళ్లిపోయాడు' అంటాడు, రోజూ అదే. అయినా కొసరా ఎప్పుడూ కొడుకుని ఒక్క మాటనలేదు. "కేబుల్ వాళ్లు దొంగలు," అనేది.

ఆ సాయంత్రం ఎనిమిదిన్నర దాటింది. సీరియల్ మారలేదు. కొసరా నిటారుగా కూర్చుంది. ఎనిమిదీ ముప్ఫై రెండుకి ఫోన్ మోగింది.

"పెట్టెకి ఏమైంది? నొక్కి నొక్కి చస్తున్నా, మారట్లేదు," అన్నాడు రదిషా.

"ఏమో, బాగానే వస్తోంది."

"బొమ్మ వస్తోంది. మారట్లేదు అంటున్నా."

"సౌండు పెంచమ్మాయ్, ఇది కూడా పనిచెయ్యట్లేదు," అంది కొసరా, రిమోట్ తెర వైపు చాచి.

నెవెంక ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అర వైపు చూసింది. గుడ్డ ముక్కల సంచీ వాలి, కేబుల్ పెట్టె మొహానికి అడ్డంగా పడి ఉంది. కాలి బొటనవేలితో సంచీని పక్కకి నెట్టింది. టర్కీ ఆవిడ ఏడుపు మధ్యలో తెగి, వార్తలు వచ్చాయి.

"ఆఁ, వచ్చింది," అన్నాడు రదిషా. "ఏం ముట్టుకున్నావు?"

"ఏమీ ముట్టుకోలేదు."

ఆ అబద్ధం నాలుక మీద బెల్లంలా ఉంది. ఫోన్ పెట్టేసి, అర ముందు గొంతుక్కూర్చుని ఆ పూసను దగ్గరగా చూసింది. మొత్తం మూసేస్తే తన రిమోట్ కూడా పనిచెయ్యదు. పూస ఒక్కదాన్నే మూయాలి. జేబులోంచి దారం తీసి పూస చుట్టూ ఒక చుట్టు చుట్టి, కొలతకి గోటితో నొక్కి, తుంచి దాచుకుంది.

"ఏం చేస్తున్నావక్కడ?" అంది కొసరా.

"దుమ్ము తుడుస్తున్నా అత్తమ్మా."

శుక్రవారం తిండి విరామంలో, ఇరవై నిమిషాల్లో కుట్టేసింది. పైన నల్ల ఉన్ని, లోపల కాలర్ల గట్టి గుడ్డ రెండు పొరలు, దానికింద మళ్లీ ఉన్ని. సూది మొన కూడా కనిపించని కుట్టు. చిటికెన వేలి గోరంత టోపీ. పక్క మెషిన్ ఆవిడ చూసి, "బొమ్మకా?" అంది. "వేలికి," అంది నెవెంక. "గాయమా?" అంటే, "అలాంటిదే," అంది. పెట్టె తీసేయడం లేదు, ప్లగ్గు పీకడం లేదు. వాళ్లు చూసుకోవచ్చు. ఆరుగురూ హాయిగా గొర్రెమాంసం తింటూ చూసుకోవచ్చు. ఇన్నాళ్లు వాళ్లు చూసింది తను చూసింది. ఈ ఒక్కరోజు తను చూసేది వాళ్లు చూస్తారు.

శనివారం మధ్యాహ్నం తియానా వ్యాన్ ఎక్కేముందు తల్లి వైపు తిరిగి, "ఫలితం నేను ఫోన్ చేసి చెబుతాలే," అంది. చూడమని అడగలేదు.

ఆరింటికి ఐదు నిమిషాలుండగా నెవెంక ప్రాంతీయ చానల్ పెట్టి, అర ముందు కూర్చుని, పూసకి టోపీ తొడిగింది. కొసరా అంతా చూసింది.

"అదేంటే?"

"టోపీ. దీంతో అక్కడ మారదు, మనకి మారుతుంది."

కొసరాకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అయ్యో, పాపం కదే వాడు. ఫోన్ చేస్తాడు. నేను చెప్పేస్తాను, నాకు అబద్ధాలు చేతకావు."

"చెప్పండి అత్తమ్మా. ఫోన్ మీ పక్కనే ఉంది."

ఆట మొదలైంది. తియానా తొమ్మిదో నంబరు చొక్కాతో కుడి అంచున పరిగెడుతోంది. ఆరూ నాలుగుకి ఫోన్ మోగింది. కొసరా కోడలి వైపు చూసి, ఫోన్ ఎత్తింది. అవతల కొడుకు అరుపు గదిలోకి వినిపిస్తోంది. వాడు అమ్మా ఎలా ఉన్నావు అనలేదు. తుంటి ఎలా ఉంది అనలేదు. 'మార్చు, దాన్ని మార్చమను, ఎక్కడ చచ్చిందది' అన్నాడు.

కొసరా నిమిషం పాటు విన్నది. "ఏమో నాయనా, ముసలిదాన్ని, నాకేం తెలుసు," అని మెల్లగా పెట్టేసింది. నెవెంక వైపు చూడకుండా ఒళ్లో గుడ్డ సర్దుకుంది.

రెండో సగం మొదలవుతుండగా తాళంచెవి తిరిగిన చప్పుడైంది. తలుపు తట్టలేదు. కూమ్ ఇంట్లోకి రావడానికి కూమ్ తలుపు తట్టడు. స్రెతెన్ పనిముట్ల సంచీతో లోపలికి వచ్చి, తల మీది టోపీ కూడా తీయకుండా నేరుగా అర దగ్గరికి వెళ్లి వంగాడు.

"రదిషా నా ప్రాణం తీస్తున్నాడు. ఏం పాడైందో..." అంటూ ఆగాడు. నల్ల టోపీ కనిపించింది. రెండు వేళ్లూ దాని మీదికి చాచాడు. "ఇదేంటి కూమా?"

"ముట్టుకోకు."

"పిచ్చి పనులు చెయ్యకు. మగాడు అక్కడ..."

నెవెంక లేచి నిలబడింది. పెళ్లయిన పదిహేడేళ్లలో ఎన్నడూ ఆ మాట నోట రాలేదు. వాళ్లమ్మ వాడగా ఒకే ఒక్కసారి విన్నది, అదీ చావుబతుకుల మీద. "కూమ్ స్రెతెన్," అంది, "దేవుడి మీద ఆన, పరిశుద్ధ యోహాను మీద ఆన. నీకూ నాకూ ఉన్న బంధం మీద ఆన పెట్టి అడుగుతున్నా. దాన్ని ముట్టుకోకు. కూర్చో."

స్రెతెన్ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కూమ్ బంధాన్ని కాచేది యోహానేనంటారు, ఆ ఆన కాదన్నవాడి గడపలో కాలు పెట్టడానికి ఊళ్లో ఎవరూ ఇష్టపడరు. అతనికి తెలుసు. పక్కన కొసరా సిలువ గుర్తు వేసుకుంది.

"ఒక టీవీ పెట్టె కోసం అంత మాటా కూమా?" అన్నాడు, చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

"పెట్టె కోసం కాదు. అక్కడ ఆడుతున్నది నువ్వు పేరు పెట్టిన పిల్ల. తొమ్మిదో నంబరు. నువ్వు దాని ఆట ఆపడానికి వచ్చావు. ఆ సంగతైనా తెలుసా నీకు?"

స్రెతెన్ తెర వైపు చూశాడు. తల మీది టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. నెవెంక అతని ముందు రకియా సారా గ్లాసు పెట్టింది. అతను తాగలేదు. ఫోన్ మళ్లీ మోగితే తనే ఎత్తాడు. "రదిషా, మీ ఆవిడ ఆన పెట్టింది," అన్నాడు. "లేదు. యోహాను మీద. ఇంక నా చేతుల్లో లేదు." అవతల నుంచి వచ్చిన బూతు విని, ఫోన్ కొంచెం దూరంగా పట్టుకుని, తర్వాత పెట్టేశాడు. ఆపైన చాలాసేపు ఫోన్ మోగలేదు.

ఇరవై ఐదు, ఇరవై ఆరు. ఒక్క గోలు వెనక. ఇంకా ఒకటిన్నర నిమిషం ఉంది. తియానాని ఎవరో వెనక నుంచి లాగారు, ఈల వేశారు, ఏడు మీటర్ల త్రో ఇచ్చారు. తియానా చొక్కా సర్దుకుని గీత దగ్గరికి వచ్చింది. ఎడమచేత్తో రెండుసార్లు నేలకేసి కొట్టింది.

"ఆ చెయ్యి మీద ఎన్ని దెబ్బలు వేశానో," అంది కొసరా తనలో తను. "చెంచా కుడిచేత్తో పట్టుకోమని, పెన్సిల్ కుడిచేత్తో పట్టుకోమని. అన్నీ మార్చుకుంది. బంతి మాత్రం మార్చుకోలేదు."

తెర నల్లబడలేదు. గడ్డి రాలేదు. ఈల మోగింది. తియానా భుజం వెనక్కి వెళ్లడం, గోల్‌కీపర్ కుడివైపు పడిపోవడం, బంతి ఖాళీ మూలకి దూసుకుపోవడం నెవెంక చూసింది. బంతి పోస్టు లోపలి అంచుకి తగిలి బయటికి వచ్చేసింది. తియానా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. అదీ చూసింది. చివరి ఈల దాకా, పిల్లలు చేతులు కలుపుకునేదాకా, తియానా చొక్కా అంచుతో మొహం తుడుచుకునేదాకా ఒక్క క్షణం వదలకుండా చూసింది. స్రెతెన్ అప్పుడు గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

పావుగంటకి ఫోన్ మోగింది. తియానా. వెనక వ్యాన్ తలుపుల చప్పుడు.

"ఓడిపోయాం."

"చూశాను."

"ఏ మూలకి?" అంది తియానా, అలవాటుగా, నమ్మకం లేకుండా.

"ఎడమ పోస్టు. లోపలి అంచు. గోల్‌కీపర్ కుడికి పడిపోయింది, నువ్వు సరిగ్గానే కొట్టావు. బొటనవేలెడు ఇటు పడితే లోపలికి పోయేది."

తియానా ముక్కు ఎగబీల్చింది. "అవునమ్మా," అంది. "బొటనవేలెడే." ఫోన్ పెట్టలేదు. వ్యాన్ బయల్దేరుతోందని ఎవరో కేకేసేదాకా తల్లీ కూతుళ్లు అలా ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండిపోయారు.

ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. ఈసారి అరుపు లేదు. వెనక మగాళ్ల గోల కూడా లేదు, అందరూ వింటున్నట్టుంది.

"ఆ తొమ్మిదో నంబరు," అన్నాడు రదిషా, "మనదేనా?"

"మనదే."

"మిలొయే అడిగాడు. వీళ్లంతా అడుగుతున్నారు. బాగా ఆడిందంటున్నారు. పోస్టుకి తగిలినప్పుడు వీళ్లు..." గొంతు సవరించుకున్నాడు. "అది ఎప్పట్నుంచి ఎడమచేత్తో ఆడుతోంది?"

నెవెంక గోడ వైపు చూసింది. తిట్లన్నీ వారం రోజులుగా నోటి చివర సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ అవసరం రాలేదు.

"పుట్టినప్పట్నుంచి," అని ఫోన్ పెట్టేసింది.

"ఏమడిగాడు?" అంది కొసరా.

నెవెంక చెప్పింది. కొసరా తన కుడి అరచేతిని కాసేపు చూసుకుని, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. స్రెతెన్ లేచి పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మళ్లీ ఫోన్ చేస్తాడు. పెట్టె సంగతి ఏమైందంటాడు. నేనేం చెప్పను?"

నెవెంక నోరు తెరిచేలోపే ముసలామె అందుకుంది.

"ఏమీ చెప్పకు నాయనా. ఎనిమిదింటికి నా సీరియల్ ఉంది. ఆ టోపీ తీయకమ్మాయ్."